పచ్చగా ఉన్నదంతా పంట కాదు

సద్దుల బతుకమ్మ నాడు మా ఊరి ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకుని చెరువు కట్ట మీదికి వచ్చారు. ఆడారు, పాడారు. నిమజ్జనానికి కిందికి దిగితే బతుకమ్మను వదలడానికి నీళ్లు కనిపించలేదు. చెరువంతా గుర్రపుడెక్క. నలుగురు మొగోళ్లం వెదురు కట్టెలు పట్టుకుని దాన్ని అటూ ఇటూ నెట్టి, రెండు మంచాలంత జాగా చేశాం. ఆ జాగాలోనే ఊరి బతుకమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మేం గట్టెక్కి వెనక్కి తిరిగి చూసేలోగా గుర్రపుడెక్క మళ్లీ దగ్గరికి జరిగింది.

ఆ పొద్దు తంగేడు పువ్వు కోసం కూడా మా వాళ్లు చాలా దూరం పోయి వచ్చారు. ఇదివరకు బంచరాయిలోనే తంగేడు, గునుగు దొరికేవి. ఇప్పుడు బంచరాయి నిండా సర్కారు తుమ్మ. దాని సందుల్లో వయ్యారిభామ. వాగు పొంటి లొట్టపీసు. మరునాడు దసరా. పాలపిట్టను చూద్దామని పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరి బయటికి పోతే, చీకటి పడేదాకా తిరిగినా ఒక్కటీ కనబడలేదు.

ముంబై రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు ఇదంతా పచ్చదనమే. పటాన్‌చెరు దాటినంక కిటికీలోంచి చూసి "వానలు మంచిగ పడ్డయి" అనుకుంటారు. కానీ పచ్చగా ఉన్నదంతా పంట కాదు, మేత అసలే కాదు. గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లొట్టపీసు నాలుగూ అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్కలే. వచ్చిన చోట వాటిని తినే పురుగు లేదు, మేసే పశువు లేదు. అందుకే ఆపేవాళ్లు లేని దొర లెక్క ఊరినంతా ఆక్రమించుకున్నాయి.

మద్దతు ధర, కరెంటు, భూసేకరణ గురించి రాయాల్సిన పత్రికలో పిట్టల ముచ్చట, కలుపు ముచ్చట ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. చేనులో కలుపు మొలిస్తే మనమే పీకుతాం, కూలి మనమే కడతాం. చెరువులో, బంచరాయిలో మొలిచిన కలుపును ఎవరు పీకాలి? ఎవరూ పీకకపోతే ఆ నష్టం ఎవరి ఇంటికి వస్తుంది? పిట్టకు, చేపకు, కుందేలుకు మొదలు వస్తుంది. ఆ తర్వాత నేరుగా మన ఇంటికే వస్తుంది. అందుకే ఇది రైతు సంఘం మాట్లాడాల్సిన విషయమని మా అభిప్రాయం.

ఎట్లా వచ్చాయి?

ఏదీ తనంతట తాను నడిచి రాలేదు. సర్కారు తుమ్మ పేరులోనే దాని కథ ఉంది. 1877 ప్రాంతంలో ఇంగ్లీషు వాళ్ల అటవీ శాఖ వంటచెరకు కోసమని దాని విత్తనాలు తెప్పించి మన తెలుగు నేల మీదనే, కడప జిల్లా కమలాపురంలో నాటించింది. సర్కారు నాటింది కాబట్టి సర్కారు తుమ్మ అయింది. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో బన్నీ అనే పెద్ద గడ్డి మైదానం ఉంది. అక్కడ ఉప్పు నేల ముందుకు రాకుండా ఆపుతుందని 1961లో ఇదే చెట్టును నాటారు. ఇప్పుడు ఆ మైదానంలో చాలా భాగాన్ని అదే మింగింది. అక్కడి పశుపోషకులు దాన్ని పిచ్చి తుమ్మ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

గుర్రపుడెక్క దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానిది. పువ్వు అందంగా ఉందని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు. కొన్నేళ్లలోనే అక్కడి నదుల్లో పడవలు నడవలేదు, వరి పొలాలు మునిగాయి. 1936లో దాని మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. 1937 ఎన్నికల్లో అక్కడి పార్టీలు గుర్రపుడెక్కను లేకుండా చేస్తామని హామీలిచ్చాయి. ఒక కలుపు మొక్క ఎన్నికల హామీ అయిందంటే రైతులు ఎంత గోస పడ్డారో అర్థం చేసుకోవచ్చు.

వయ్యారిభామ మన దేశంలో మొదట 1955 ప్రాంతంలో పుణెలో కంటబడింది. అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఒక్కో మొక్క పదిహేను వేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. గాలికి, నీళ్లకు, ట్రాక్టరు టైర్లకు, పెంటకు అంటుకుని పోతుంది. కలుపు తీసే ఆడవాళ్ల చేతులు దురదపెట్టి పగలడానికి, పూత కాలంలో దమ్ము లేవడానికి ఇదొక కారణం.

చెరువు మీద మూత

గుర్రపుడెక్క చెరువును ఏం చేస్తుందో మనం కళ్లతో చూస్తున్నాం. అనుకూలమైన నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. లెక్క వేసి చూడండి. ఆటంకం లేకుండా పెరిగితే ఒక్క మొక్క ఆరు నెలల్లో నాలుగు వేల మొక్కలవుతుంది. దాని విత్తనం బురదలో ఇరవై ఏళ్ల దాకా కూడా బతికి ఉండగలదు. చెరువు ఎండినా, తవ్వినా, మళ్లీ నీళ్లు రాగానే మొలుస్తుంది.

ఆకులు నీటిని కప్పేస్తే ఎండ లోపలికి దిగదు. ఎండ లేకపోతే నీటిలోని నాచు, సన్నటి మొక్కలు చస్తాయి. వాటిని తిని బతికే చిన్న పురుగులు చస్తాయి. పైన ఆకు మురిగి కిందికి దిగి కుళ్లుతుంటే నీటిలో ఉన్న కొద్దిపాటి గాలి కూడా అయిపోతుంది. బొచ్చె, రవ్వ వంటి చేపలు నీటిలో కలిసిన గాలినే పీలుస్తాయి కాబట్టి ముందు అవే పోతాయి. కొర్రమీను, మార్పు వంటివి పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు కనుక కొన్నాళ్లు నిలుస్తాయి. కానీ వాటికి తినడానికి చిన్న చేప దొరకాలి కదా. మత్స్య సొసైటీ వాళ్లు పోసిన పిల్లలు పెరగవు, వల వేస్తే చేపకు బదులు మణుగుల కొద్దీ గుర్రపుడెక్క వస్తుంది. ఆ మూత కింద దోమ మాత్రం సుఖంగా పెరుగుతుంది.

పిట్టల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గుర్రపుడెక్క ఉంటే పిట్టలే ఉండవని మేము అనడం లేదు. ఆకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్టలు, పొదల్లో దాగే నీటికోళ్లు దాని మీద కూడా బతుకుతాయి. కానీ మునిగి చేప పట్టే బుడుబుంగకు, పైనుంచి దూకే లకుముకి పిట్టకు, ఒడ్డున లోతు లేని నీళ్లలో నిలబడే కొక్కెరకు, చలికాలం దిగే బాతులకు తేట నీళ్లు కావాలి. తల మీద నల్ల చారలుండే పెద్ద బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి మంజీర దాకా వస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన పక్షి పైనుంచి చూస్తే నీళ్లు మెరవాలి. మెరవకపోతే అది దిగదు.

మన ప్రాంతం ఇట్లాంటి చోటు అని గుర్తుచేయాల్సి వస్తున్నది. పటాన్‌చెరు పక్కనున్న అమీన్‌పూర్ చెరువును 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని చెరువుకు అట్లాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. మరుసటి ఏడాదే దగ్గర్లోని గండిగూడెం చెరువులో లక్షల చేపలు చచ్చి తేలాయి. సంగారెడ్డి దగ్గర మంజీర 1978 నుంచి మొసళ్ల కోసం అభయారణ్యం. హైదరాబాదు తాగిన నీళ్లు కూడా అక్కడివే. మొసలికి నీళ్లు ఒక్కటే చాలవు. ఎండ కాగడానికి, ఇసుక తవ్వి గుడ్లు పెట్టడానికి ఖాళీ ఒడ్డు కావాలి. ఆ ఒడ్డు మీద సర్కారు తుమ్మ, లొట్టపీసు అల్లుకుంటే అభయారణ్యం అని బోర్డు పెట్టి ఏం లాభం?

బంచరాయి పోయి పందులు వచ్చాయి

జమ్మి చెట్టు మన రాష్ట్ర వృక్షం. దసరా నాడు దాని ఆకును బంగారమని పంచుకుంటాం. సర్కారు తుమ్మ ఆ జమ్మికి దాయాది వంటిది, ఒకే జాతి కుటుంబం. కానీ గుణం చూడండి. జమ్మి కింద జొన్న పండుతుంది, దాని రొట్ట మేకలు తింటాయి. సర్కారు తుమ్మ కింద గడ్డి పోచ మొలవదు. ఆకును పశువు ముట్టదు. కాయను మాత్రం గొర్రె, మేక, ఆవు, జింక ఇష్టంగా తింటాయి. గింజ అరగక పేడలో పడి అక్కడ ఇంకో చెట్టు మొలుస్తుంది. అంటే మన పశువులతోనే అది తన నాట్లు వేయించుకుంటున్నది.

గడ్డి నేల అంటే ఆఫీసుల్లో బీడు అని రాస్తారు. బీడు అంటే పనికిరానిదని వాళ్ల లెక్క. పనికిరానిదైతే అక్కడ కౌజులు, పూరేడు పిట్టలు ఎందుకు ఉండేవి? తీతువు నేల మీదనే గుడ్లు పెడుతుంది, నాలుగు వైపులా కంటికి ఆనాలి దానికి. పాలపిట్ట తీగ మీదనో మోడు మీదనో కూర్చుని కింద తెరిపి నేలలో మిడతను చూసి దూకుతుంది. ముళ్ల కంచె కమ్ముకున్న చోట మిడతను ఎట్లా చూస్తుంది? కుందేలుకు గడ్డి కావాలి, నక్కకు కుందేలు, ఎలుక కావాలి. గడ్డి పోతే ఈ వరుసంతా పోతుంది. మిడతను, పచ్చపురుగును, ఎలుకను తినే జీవాలు తగ్గితే ఆ పని కోసం మనం మందుల దుకాణానికి పోయి డబ్బు కట్టాలి.

తెరిపి నేలలో బతికేవి పోయిన చోటికి ముళ్ల పొదల్లో బతికేది వచ్చింది. అది అడవిపంది. దానికి పగలు దాక్కోవడానికి చోటు కావాలి, రాత్రి తినడానికి పంట కావాలి. సర్కారు తుమ్మ చోటు ఇచ్చింది. పంట మనం ఇస్తున్నాం. మక్క, పల్లి, ఆలుగడ్డ, చెరకు వేసే రైతులు రాత్రుళ్లు మంచె మీద ఎందుకు కూర్చుంటున్నారో వేరే చెప్పనక్కరలేదు. పందులను చంపడానికి అనుమతి కావాలని మన సంఘం కూడా ఎన్నోసార్లు అడిగింది. షరతులతో ఇచ్చారు కూడా. కానీ అవి దాక్కునే చోటు గురించి మనం ఎప్పుడూ అడగలేదు. అది మన పొరపాటే అని ఇప్పుడు అనిపిస్తున్నది.

గొల్ల కురుమలకు దెబ్బ ఇంకా ఎక్కువ. మేత తగ్గేసరికి ఎండాకాలం మేకలు వాగు పొంటి లొట్టపీసు తింటాయి. అలవాటు పడ్డ మేక వణుకుతుంది, నడక తప్పుతుంది, చివరకు చస్తుంది. పచ్చగా ఉన్నది కాబట్టి మేత ఉన్నదని లెక్క వేసే అధికారికి ఈ సంగతి తెలియదు.

ఇది మన జిల్లా గోస మాత్రమే కాదు. 140కి పైగా దేశాలు సభ్యులుగా ఉన్న అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక 2023లో ఒక నివేదిక ఇచ్చింది. మనుషులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చిన మొక్కలు, జీవాలు 37 వేలకు పైగా ఉన్నాయని, వాటిలో 3,500కు పైగా తీవ్ర నష్టం చేస్తున్నాయని చెప్పింది. ప్రపంచంలో నమోదైన జీవజాతుల అంతర్ధానాల్లో నూటికి అరవైలో వీటి పాత్ర ఉందని లెక్క తేల్చింది. ఇది వాగ్వాదానికి మిగిలిన విషయం కాదు.

జ్వరం వేరు, రోగం వేరు

అయితే కలుపును శత్రువుగా చూపించి అసలు శత్రువును దాచే పని కూడా ఒకటి జరుగుతున్నది. దీని మీద మనం జాగ్రత్తగా ఉండాలి.

గుర్రపుడెక్కకు తిండి నత్రజని, భాస్వరం. తేట నీళ్లలో దానికి అంత తిండి దొరకదు. కాలనీల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థ జలం, మన పొలాల్లోంచి కొట్టుకుపోయే యూరియా, డీఏపీ దాన్ని మేపుతున్నాయి. అంటే గుర్రపుడెక్క జ్వరం లాంటిది. ఒళ్లు కాలుతున్నదని తడిగుడ్డ వేస్తే కాసేపు చల్లబడుతుంది. లోపల రోగం అట్లాగే ఉంటుంది.

పటాన్‌చెరు రోగం ఎంత పాతదో పాత సభ్యులకు తెలుసు. 1970లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం వైపు వరుసగా లేచాయి. ఇసుకవాగు, నక్కవాగు రంగు మారాయి. నక్కవాగు పోయి మంజీరలోనే కలుస్తుంది. 1990లో మన ప్రాంతం కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వస్తున్న నీళ్లను పరీక్షించి, ఒక్క సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. ప్రపంచమంతా నివ్వెరపోయిన లెక్క అది. పటాన్‌చెరులో వైద్యం చేసుకుంటూనే ఈ పోరాటంలో ముందు నిలబడిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారిని ఈ సందర్భంగా తలుచుకోకుండా ఉండలేం.

ఇంత చరిత్ర ఉన్న చోట చెరువుకు ఏం రోగమంటే "గుర్రపుడెక్క" అని రాసి, తీయడానికి టెండరు పిలిచి, బిల్లు ఎత్తి చేతులు దులుపుకుంటే ఎట్లా? మేమే ఒక ఎండాకాలం పదిహేను రోజులు శ్రమదానం చేసి మా చెరువులో మూల మూలా తీశాం. తీసిందంతా కట్ట మీదనే కుప్ప పోశాం. మొదటి పెద్ద వానకు సగం మళ్లీ చెరువులోకే జారింది. అలుగు వైపు మురుగు కాల్వ వస్తూనే ఉంది. దీపావళికి చెరువు ఎప్పటిలాగే పచ్చబడింది. అప్పుడు మాకు బుద్ధి వచ్చింది. తిండి ఆపకుండా మొక్కను పీకడమంటే ఓటి కుండతో నీళ్లు తోడడమే.

గడ్డిమందు కొడితే పోదా అని అడిగేవాళ్లున్నారు. చెరువులో మందు కొట్టడం మహా తప్పు. చచ్చిన మొక్క అంతా ఒకేసారి కుళ్లి, మిగిలిన గాలి కూడా అయిపోయి, మిగిలిన చేపలు కూడా చస్తాయి. ఆ నీళ్లు తాగే పశువు సంగతి వేరే చెప్పాలా?

ఎరువు చేయవచ్చా?

గుర్రపుడెక్కతో మంచి ఎరువు అవుతుందని పత్రికల్లో వస్తున్నది. నిజమే, అవుతుంది. మన పక్కనే ఉన్న ఇక్రిశాట్ వాళ్లు సౌర విద్యుత్తుతో నడిచే గుర్రపుడెక్క తీసే యంత్రాన్ని తయారుచేశారు. తీసిన మొక్కను ఎరువుగా మార్చే పని ఒడిశాలో మహిళా సంఘాలతో చేయించారు. మురుగు తప్ప ఇంకేం కలవని చెరువుల్లో అది మంచి దారి. మన మహిళా సంఘాలకు కూడా అట్లాంటి ఉపాధి రావాలి.

కానీ ఫ్యాక్టరీల నీళ్లు చేరే చెరువుల విషయంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. గుర్రపుడెక్క వేర్లు నీటిలోని సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాలను పీల్చుకుంటాయి. అందుకే కొన్ని చోట్ల మురికి నీటిని శుభ్రం చేయడానికే దాన్ని పెంచుతారు. పీల్చుకున్న విషం ఎక్కడికీ పోదు. ఆ మొక్కను ఎరువు చేసి చేనులో వేస్తే చెరువులోని విషాన్ని మనమే మోసుకొచ్చి మన కూరగాయల్లో, పశువుల గడ్డిలో పెట్టుకున్నట్టు. మేము కూడా కుప్ప పోసి, చల్లే ముందు పరీక్ష చేయిద్దామనుకున్నాం. మన భూసార పరీక్షల్లో మామూలుగా నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటివి చూస్తారు గానీ ఈ విషపు లోహాలు చూడరు. బయట ప్రైవేటులో చేయించాలంటే ఖర్చు మన మీదే. ఆ ఎరువు అట్లాగే ఉంది. చల్లే ధైర్యం మాకు రాలేదు. కలుషితం చేసినవాడు ఒకడు, పరీక్ష ఖర్చు పెట్టుకునేవాడు ఇంకొకడా?

మన వేలు మన వైపు కూడా తిప్పాలి

ప్రభుత్వాన్ని, ఫ్యాక్టరీలను అనడం తేలిక. మనం చేసినవి కూడా ఒప్పుకోవాలి. చేనుకు కంచె కావాలని సర్కారు తుమ్మ కంపను మనమే తెచ్చి వేసుకున్నాం. తెంపితే కట్టెలొస్తాయని వదిలేశాం. బంచరాయిని ఊరంతా కాపాడుకునే కట్టుబాటు పోయింది. సగం కబ్జా అయితే చూస్తూ ఊరుకున్నాం, మిగతా సగం కంపకు వదిలాం. గట్ల మీద వయ్యారిభామ పూత పూసేదాకా చూస్తూ, పూసినంక పీకి రోడ్డు మీద వేసి విత్తనం చల్లుతున్నాం. వాన వచ్చే ముందు యూరియా చల్లి సగం చెరువుకు పంపుతున్నాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. సర్కారు తుమ్మను బొగ్గు కాల్చి, కట్టెలు కొట్టి బతికే కుటుంబాలు ఉన్నాయి. ఒక్కరోజులో జేసీబీలు పెట్టి అంతా పెకిలించాలంటే ముందు వాళ్ల పొయ్యి ఆరిపోతుంది. పైగా ఖాళీ అయిన నేల మీద ఏమీ నాటకపోతే ఆరు నెలల్లో వయ్యారిభామ వస్తుంది. పైన కొట్టేస్తే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. ఒక అడుగు లోతు తవ్వి మొదలుతో సహా తీయాలి. కాబట్టి కొంచెం కొంచెంగా, తీసిన చోట వెంటనే మన గడ్డి, మన చెట్టు పెట్టుకుంటూ పోవాలి. ఆ పని, ఆ కట్టె ముందు ఆ కుటుంబాలకే దక్కాలి.

పై నుంచి ఏ మొక్క ఇస్తే ఆ మొక్క నాటే అలవాటు కూడా మానాలి. హరితహారంలో రోడ్ల పొంటి కోనోకార్పస్ బాగా నాటారు. తొందరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువు ముట్టదు అన్నారు. పశువు ముట్టనిది, పిట్ట తిననిది మనకెందుకు అని ఎవరూ అడగలేదు. తర్వాత నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. నూట నలభై ఏళ్ల కింద కమలాపురంలో చేసిన తప్పునే ఇంకో పేరుతో చేశాం.

మన డిమాండ్లు

ఒకటి. చెరువులోకి వచ్చే మురుగును, వ్యర్థ జలాన్ని ఆపకుండా గుర్రపుడెక్క తీయడానికి బిల్లులు ఇవ్వొద్దు. ఏ కాల్వ నుంచి ఏం వస్తున్నదో ముందు పంచనామా చేయాలి. తీసే పని ఒక్కసారికి కాకుండా కనీసం మూడేళ్ల నిర్వహణతో ఇవ్వాలి. తీసినదాన్ని ఎఫ్‌టీఎల్ బయటికి తరలించాలి.

రెండు. పారిశ్రామిక ప్రాంతం చెరువుల్లోంచి తీసిన మొక్కను, పూడిక మట్టిని పొలాలకు పంపే ముందు విషపు లోహాల పరీక్ష తప్పనిసరి చేయాలి. ఖర్చు కాలుష్య నియంత్రణ మండలి భరించి, కలుషితం చేసినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి.

మూడు. బంచరాయి, చెరువు శిఖం భూములను కొలిచి హద్దురాళ్లు పాతాలి. సర్కారు తుమ్మను విడతలవారీగా మొదలుతో తీసి జమ్మి, నల్లతుమ్మ, కానుగ, తంగేడు, ఊరి గడ్డి జాతులు పెంచాలి. కొంత భాగం గడ్డి నేలగానే వదలాలి. గడ్డి నేలను బీడు అని రాయడం మానాలి.

నాలుగు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. చాలా చోట్ల అది కాగితం మీదనే ఉంది. దానిలో రైతు, గొల్ల కురుమ, మత్స్యకారుడు, కూలి పని చేసే ఆడవాళ్లు ఉండాలి. బయటి నుంచి ఏ మొక్క తెచ్చి నాటాలన్నా ఆ కమిటీని అడగాలి.

అయిదు. వయ్యారిభామ ఆకును తినే మెక్సికో పెంకుపురుగును, గుర్రపుడెక్కను తినే ముక్కుపురుగును 1980లలోనే బెంగళూరులో పరీక్షించి వదిలారు. అవి ఒక్క రోజులో పని చేయవు, ఏళ్లు పడుతుంది. అయినా మందు కంటే మేలు. మన జిల్లాలో ఎక్కడ, ఎట్లా వాడవచ్చో వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతులకు చెప్పాలి.

ఇవి అడిగేవి. చేసేవి కూడా ఉన్నాయి. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ నిర్మూలన వారం అని దేశమంతా జరుపుతారు. బ్యానర్లకు, ఫొటోలకు సరిపోతుంది అది. మన సంఘం గ్రామ శాఖలు జూలైలోనే, పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని గట్లు, బడి ఆవరణ, రోడ్డు పక్కన పీకాలి. పూత లేని వయ్యారిభామ గుంతలో వేస్తే ఎరువవుతుంది. మీ ఊరి చెరువులోకి ఎన్ని మురుగు కాల్వలు వస్తున్నాయో ఈ నెలలోనే తిరిగి చూసి, ఫొటోలు తీసి జిల్లా కమిటీకి పంపండి. ఆ జాబితా పట్టుకునే కలెక్టరేటుకు పోదాం. మీ ఊరి పెద్దమనుషులను, పశువులు కాసినవాళ్లను కూర్చోబెట్టి, ఏ పిట్ట, ఏ చేప, ఏ గడ్డి ఉండేదో, ఎప్పటి నుంచి కనబడడం లేదో రాయించండి. మన వాదనకు అంతకు మించిన సాక్ష్యం లేదు.

అన్ని చెరువులూ ఒక్క ఏడాదిలో బాగుపడతాయని మేము అనడం లేదు. మండలానికి ఒక్క చెరువును పట్టుకుందాం. దానిలోకి వచ్చే మురుగు ముందు ఆపిద్దాం, తర్వాత కలుపు తీయిద్దాం, మళ్లీ రాకుండా కాపలా కాద్దాం. వచ్చే సద్దుల బతుకమ్మ నాడు ఆ ఒక్క చెరువు దగ్గరైనా మన ఆడబిడ్డలు వెదురు కట్టెల అవసరం లేకుండా బతుకమ్మను నీళ్లలో వదలాలి.